సీటు పోస్టుగా మారిన కథ

పీహెచ్‌డీ సంగతి వచ్చిందంటే మన ఇళ్లలో మొదట అడిగే మాట ఒక్కటే: "సీటు వచ్చిందా?" ఉస్మానియా అయినా, ఆంధ్రా యూనివర్సిటీ అయినా, అమెరికా అయినా ఆ మాట మారదు. ఎంట్రన్సు రాయాలి, ఇంటర్వ్యూకి వెళ్లాలి, సీటు సంపాదించాలి, ఆ తర్వాత ఫెలోషిప్ కోసం ఎదురుచూడాలి. నెదర్లాండ్స్ వెళ్దామనుకునే పిల్లలు కూడా ఇదే లెక్కతో బయల్దేరతారు. లైడెన్, డెల్ఫ్ట్, ఉత్రెక్ట్ విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లు తెరిచి అడ్మిషన్లు ఎప్పుడో, ఫీజు ఎంతో వెతుకుతారు. ఎంత వెతికినా మనకు అలవాటైన రూపంలో ఆ సమాచారం కనిపించదు. మనకిది కుదరదేమోనని కొందరు అక్కడే ఆగిపోతారు. ఆ ఆగిపోయినవాళ్లను తలుచుకునే ఈ కథ రాస్తున్నాను. డచ్ విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీకి చాలామట్టుకు సీట్లుండవు, పోస్టులుంటాయి. వెతకాల్సింది అడ్మిషన్ల పేజీలో కాదు, ఉద్యోగాల పేజీలో.

అక్కడ పడే ఒక ప్రకటన ఎలా ఉంటుందో చూడండి. ఫలానా ప్రొఫెసరు బృందంలో, ఫలానా ప్రాజెక్టు మీద ఒక పీహెచ్‌డీ పోస్టు ఖాళీగా ఉంది. వారానికి 38 గంటల పని. మొత్తం నాలుగేళ్లు. మొదట ఏడాదికో ఏడాదిన్నరకో ఒప్పందం, ఆ గడువు లోపల పని తీరు చూసి మిగతా కాలానికి పొడిగింపు. 2024 చివరినాటి ఉమ్మడి వేతన ఒప్పందం ప్రకారం మొదటి ఏడాది నెలకు 2,901 యూరోలు, నాలుగో ఏడాదికి 3,707 యూరోలు, పన్నులు పోకముందు. దాని మీద 8 శాతం సెలవు భత్యం, ఏడాది చివర 8.3 శాతం బోనసు, పింఛను నిధి. అమ్మాయి ప్రసూతి సెలవు తీసుకుంటే అన్నాళ్లూ ఒప్పందం ముందుకు జరుగుతుంది. మన జేఆర్‌ఎఫ్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. కష్టపడి నెట్ రాసి సంపాదించుకున్నా దాని పేరు ఫెలోషిప్పే, చట్టం దృష్టిలో అది జీతం కాదు. డచ్ ప్రకటనలో ఉన్నది జీతం. పరిశోధన చేసే మనిషి ఆ విశ్వవిద్యాలయపు ఉద్యోగి, గేటు దగ్గర చూపించేది ఉద్యోగి కార్డు.

ఈ ఏర్పాటు వయసు నలభై ఏళ్లే. అంతకుముందు నాలుగు వందల ఏళ్లు అక్కడ డాక్టరేటు ఇంకో దారిలో నడిచింది.

లైడెన్ విశ్వవిద్యాలయం 1575లో పుట్టింది. అంతకు ముందు ఏడాదే స్పెయిన్ సైన్యం ఊరిని చుట్టుముట్టి, ఆకలితో మాడ్చింది. సముద్రపు కట్టలు తెంచి నీళ్ల మీదుగా పడవల్లో వచ్చి ఊరిని కాపాడారు. ఓర్చుకున్న ఊరికి బహుమానంగా విలియం ఆఫ్ ఆరెంజ్ విశ్వవిద్యాలయం ఇచ్చాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. తర్వాత 1614లో గ్రోనింగెన్, 1636లో ఉత్రెక్ట్ వచ్చాయి. ఆ రోజుల్లోనే వలందులు, అంటే హాలండువాళ్లు, మన బందరులో కోఠీ పెట్టుకుని కలంకారీ బట్ట కొంటున్నారు. మచిలీపట్నంలో వలందపాలెం అన్న పేటకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది.

డాక్టరేటు అప్పట్లో చదువుకి పెట్టే కిరీటం. దానికి జీతమేమిటన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. చదువుకునేవాడు ఉన్నవాళ్ల బిడ్డ అయి ఉండాలి, లేదా వేరే పని చేసుకుంటూ రాయాలి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగం వరకూ ఇంతే. 1925లో ఎలక్ట్రానుకి స్పిన్ ఉందని లోకానికి చెప్పిన ఇద్దరు కుర్రవాళ్లు, ఊలెన్‌బెక్, గౌడ్స్‌మిట్, లైడెన్‌లో ఏరెన్‌ఫెస్ట్ శిష్యులు. ఊలెన్‌బెక్ దానికి ముందు మూడేళ్లు రోమ్‌లో డచ్ రాయబారి కొడుక్కి ట్యూషన్ చెప్పి పొట్ట పోసుకున్నాడు. గౌడ్స్‌మిట్ వారంలో కొన్ని రోజులు ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి జేమన్ ప్రయోగశాలలో సహాయకుడిగా పనిచేసేవాడు. వాళ్ల ఆలోచన మీద పెద్దాయన లోరెంట్జ్ అభ్యంతరాలు చెప్పినప్పుడు భయపడి వ్యాసం వెనక్కి తీసుకుంటామన్నారు. అప్పటికే పంపేశానని, తప్పయినా తట్టుకునే వయసే మీదని ఏరెన్‌ఫెస్ట్ ధైర్యం చెప్పాడంటారు. గురువంటే ఎలా ఉండాలో నాకు ఎప్పుడూ గుర్తుకొచ్చే సంగతి ఇది. 1927లో ఇద్దరూ డాక్టర్లయ్యారు. అదే ఏడాది ఇద్దరూ అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. అంతటి పని చేసినవాళ్లని నిలుపుకోవడానికి స్వదేశంలో ఒక చిన్న కుర్చీ కూడా సిద్ధంగా లేదు.

యుద్ధం తర్వాత పరిస్థితి మారింది. భౌతికశాస్త్ర పరిశోధనకు డబ్బు పంచడానికి 1946లో ఎఫ్‌ఓఎం అనే సంస్థ, అన్ని శాస్త్రాలకూ కలిపి 1950లో జెడ్‌డబ్ల్యూఓ వచ్చాయి. ఈ రెండోదే తర్వాత ఎన్‌డబ్ల్యూఓగా పేరు మార్చుకుంది. నేటికీ డచ్ పరిశోధన ఖజానా అదే. 1960లలో విశ్వవిద్యాలయాలు పెరిగాయి, విద్యార్థులు వెల్లువెత్తారు. పాఠాలు చెప్పడానికి వేల మందిని శాస్త్రీయ సహాయకులుగా తీసుకున్నారు, చాలామందికి ఉద్యోగం శాశ్వతం. పాఠం చెప్తూ, తీరిక దొరికినప్పుడు థీసిస్ రాసుకోవచ్చు. పదేళ్లు పట్టవచ్చు, పదిహేనేళ్లు పట్టవచ్చు, అసలు పూర్తి కాకపోనూవచ్చు.

ఇక్కడ డచ్ భాషలోని ఒక చక్కని మాట చెప్పాలి. అక్కడ చదువు ముగించినవాళ్లు పేరు ముందు డీ, ఆర్, ఎస్ అని మూడక్షరాలు పెట్టుకునేవారు. డాక్టర్ల బహువచనం అనుకుంటాం. అది డాక్టరాండస్ అన్న లాటిన్ మాటకు పొట్టి రూపం. మన సంస్కృత వ్యాకరణంలో తవ్య ప్రత్యయం ఉంది కదా: కర్తవ్యం అంటే చేయవలసినది, వక్తవ్యం అంటే చెప్పవలసినది. లాటిన్‌లో సరిగ్గా అలాంటి ప్రత్యయమే ఇది. డాక్టరాండస్ అంటే డాక్టరు కావలసినవాడు. పెద్ద చదువు అయిపోయింది, డాక్టరేటు ఒక్కటే మిగిలింది అని అర్థం. వేలమంది ఆ మూడక్షరాలతోనే ఉద్యోగాలు చేసి, రిటైరయి, కన్నుమూశారు. జీవితమంతా కావలసినవాళ్లుగానే మిగిలిపోయారు. అందులో అవమానం ఏమీ ఉండేది కాదు, అది గౌరవమైన బిరుదే. కానీ ప్రభుత్వం చూపు వేరు. చదువు ఏళ్లకేళ్లు సాగుతోంది, థీసిస్‌లు తేలడం లేదు, ఖర్చు పెరుగుతోంది.

అప్పుడు కత్తెర తీశారు. 1982లో రెండు దశల చట్టం అమల్లోకి వచ్చింది. మొదటి దశ చదువు నాలుగేళ్లలో ముగియాలి. ఆ పైన పరిశోధన కొద్దిమందికే, ఎంపిక చేసి. ఆ రెండో దశకు రూపం ఇచ్చింది 1986లో, విద్యామంత్రి డేట్‌మన్ కాలంలో. పుట్టిన ఉద్యోగం పేరు ఏఐఓ. శిక్షణలో ఉన్న సహాయకుడు అని దాని అర్థం. నాలుగేళ్ల ఒప్పందం, నాలుగేళ్లలో థీసిస్, వారం వారం పని, నెల నెలా జీతం. ఎన్‌డబ్ల్యూఓ డబ్బుతో పనిచేసేవాళ్లను ఓఐఓ అన్నారు. పేరులో అక్షరం మారినా బతుకు ఒకటే.

దీన్ని చూసి ఎంత ఉదార ప్రభుత్వమో అనుకుంటే పొరపాటు. అది పొదుపు కోసం పుట్టిన ఏర్పాటు. శాశ్వత ఉద్యోగుల స్థానంలో నాలుగేళ్లకు వెళ్లిపోయేవాళ్లు వచ్చారు. పైగా శిక్షణ ఇస్తున్నాం కాబట్టి ఆ ఖర్చు కింద జీతంలో కోత అన్నారు. మొదటి ఏడాది ఆ కోత గట్టిగా ఉండేది, ఏడాదికేడాది తగ్గుతూ వచ్చేది. మొదటి తరం ఏఐఓలు చాలా అవస్థ పడ్డారు. ఆ డబ్బుతో గడవదని, కంపెనీలు ఎక్కువ ఇస్తున్నాయని చాలామంది డచ్ పట్టభద్రులు అటు పోయారు. కొన్ని రంగాల్లో పోస్టులు నిండలేదు. విదేశీయుల కోసం తలుపు బార్లా తెరుచుకోవడానికి ఒక కారణం అదే. మన పిల్లలు ఈ రోజు ఆ తలుపులోంచి నడుస్తున్నారంటే, ఆనాటి ఆ కోతకూ అందులో పాలుంది.

పొదుపు కోసం పెట్టిన ఒప్పందంలో ఒక మాట మాత్రం చాలా దూరం ప్రయాణించింది: ఉద్యోగి. ఒకసారి ఉద్యోగి అన్నాక కార్మిక చట్టం వర్తిస్తుంది, సంఘాలు వస్తాయి, బేరసారాలు జరుగుతాయి. జీతాలు మెల్లగా పైకి జరిగాయి. 2003లో ఏఐఓ అన్న పేరు పోయి ప్రొమోవెండస్ వచ్చింది. మళ్లీ అదే తవ్య ప్రత్యయం, పైకి చేర్చవలసినవాడు. వాళ్లకంటూ ప్రత్యేకమైన జీతాల పట్టిక ఏర్పడింది.

మధ్యలో విశ్వవిద్యాలయాలు వెనక్కి లాగాలని చూడకపోలేదు. ఉద్యోగి అంటే పింఛను, బీమా, సెలవులు అన్నీ ఇవ్వాలి. స్కాలర్‌షిప్ ఇస్తే అదేమీ ఉండదు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం కొందరిని స్కాలర్‌షిప్ మీద తీసుకుంది. పని మాత్రం ఉద్యోగులు చేసేదే. ఉద్యోగ సంఘం కోర్టుకెళ్లింది. కేసు పైదాకా నడిచి, 2006 ఏప్రిల్‌లో దేశ సర్వోన్నత న్యాయస్థానం తేల్చింది: పేరు ఏదైనా పెట్టండి, వాళ్లు చేస్తున్నది పని, తీసుకుంటున్నది జీతం, వాళ్లు ఉద్యోగులే. నాకు ఈ తీర్పు డచ్ విద్యారంగంలో చాలా పెద్ద ఘట్టంగా కనిపిస్తుంది. పరిశోధన అంటే శ్రమ అని ఒక దేశపు అత్యున్నత కోర్టు ఒప్పుకున్న రోజు అది. థీసిస్ కోసం ప్రయోగశాలలో రాత్రిళ్లు గడిపి, ఇంట్లో "ఇంకా చదువుతూనే ఉన్నావా" అని అడిగించుకున్న ఎవరికైనా ఆ తీర్పు విలువ తెలుస్తుంది.

2016లో ప్రభుత్వమే ప్రయోగం పేరుతో స్కాలర్‌షిప్ దారి మళ్లీ తెరిచింది. గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం దాన్ని పెద్ద ఎత్తున వాడుకుంది. పక్క పక్క బల్లల దగ్గర ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరు ఉద్యోగి, ఒకరు విద్యార్థి. ఎన్ని అసంతృప్తులు రేగాయో చెప్పనక్కర్లేదు. చివరికి ఆ ప్రయోగాన్ని శాశ్వతం చేయకుండానే ఆపేశారు.

ఇప్పుడు వెతకడం సంగతికి వద్దాం. పోస్టు అయ్యాక దానికి ప్రకటన ఉండి తీరాలి. మొదట్లో ఆ ప్రకటనలు డచ్ దినపత్రికల్లో, విభాగాల నోటీసు బోర్డుల మీద, ప్రొఫెసర్లు ఒకరికొకరు పంపుకునే ఉత్తరాల్లో తిరిగేవి. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్నవాడికి అవి కంటపడే దారే లేదు. 1990ల రెండో సగంలో డచ్ విశ్వవిద్యాలయాలన్నీ కలిసి తమ ఖాళీలను ఒకేచోట పెట్టడానికి అకడమిక్ ట్రాన్స్‌ఫర్ అనే లాభాపేక్ష లేని సంస్థను పెట్టుకున్నాయి. ఇంటర్నెట్ అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తోంది. పోటీపడే విశ్వవిద్యాలయాలు తమ పోస్టులను పక్కపక్కనే వేలాడదీయడానికి ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. 2003లో యూరప్ మొత్తానికి పరిశోధకుల పోర్టల్ వచ్చింది, 2008 నుంచి దాని పేరు యూరాక్సెస్. 2005లో యూరోపియన్ కమిషన్ పరిశోధకుల నియామకానికి ఒక నియమావళి ప్రకటించింది: పోస్టును బహిరంగంగా ప్రకటించాలి, అర్హతలు స్పష్టంగా చెప్పాలి, ఎంపిక ఎలా జరుగుతుందో దాచకూడదు. అంతకు ముందు ఏడాదే నెదర్లాండ్స్ నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకు వీసా దారి సులువు చేసింది. ఈ అడుగులన్నీ కొద్ది ఏళ్ల వ్యవధిలో పడ్డాయి. మన ఊళ్లలో ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత అని చెల్లించి కూర్చున్న తరానికి, యూరప్‌లోని ఒక ప్రయోగశాల ఖాళీ అదే రోజు కనిపించడం మొదలైంది అలా.

ఇంత చరిత్ర ఎందుకంటే, వెతికే పద్ధతి మొత్తం దీన్నుంచే పుడుతుంది. మనవాళ్లు చాలామంది చేసే పని ఒకటుంది. యాభై మంది ప్రొఫెసర్ల ఈమెయిళ్లు పోగుచేసి, అందరికీ ఒకే ఉత్తరం పంపుతారు. గౌరవనీయులైన సార్, మీ సుప్రసిద్ధ విశ్వవిద్యాలయంలో చేరాలని చిన్ననాటి కోరిక, దయచేసి నాకో అవకాశం ఇవ్వండి. సీటు అడిగేటప్పుడు మనకు అలవాటైన వినయం అది. అందులో తప్పేమీ లేదు, కాని ఆ ఉత్తరాన్ని చదివే మనిషి దగ్గర ఇవ్వడానికి సీటు లేదు. ఆయన దగ్గర ఉంటే గింటే ఒక ప్రాజెక్టు డబ్బు, అందులో ఒక పోస్టు, ఆ పోస్టుకు కావలసిన ఒక నిర్దిష్టమైన పని ఉంటాయి. ఆ పని చేయగలిగే మనిషి కోసం చూస్తున్నాడు. ప్రకటనలో అడిగిన నాలుగు నైపుణ్యాల్లో మీకు ఏ మూడు వచ్చు, ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఏం కొలిచారు, ఏం తప్పిపోయింది, దాన్ని ఎలా సరిదిద్దారు: ఒక పేజీలో ఇది రాస్తే చాలు. నాకు తెలిసి ఎంపికయినవాళ్ల ఉత్తరాల్లో పొగడ్త చాలా తక్కువ, పని చాలా ఎక్కువ.

డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలిస్తే ఖాళీ ఎప్పుడు పడుతుందో కూడా ఊహించవచ్చు. డచ్ వాళ్లు డబ్బు ప్రవాహాలు మూడంటారు. మన డెల్టా భాషలో మూడు కాలువలనుకోండి. మొదటి కాలువ ప్రభుత్వం నేరుగా విశ్వవిద్యాలయాలకు ఇచ్చేది. రెండోది ఎన్‌డబ్ల్యూఓ పోటీ పెట్టి ఇచ్చేది. మూడోది యూరోపియన్ నిధులు, కంపెనీలు, ధర్మసంస్థలు. ఖాళీలు ఎక్కువగా రెండో, మూడో కాలువల వెంటే మొలుస్తాయి. 2002 నుంచి ఎన్‌డబ్ల్యూఓ వ్యక్తులకు ఇచ్చే గ్రాంట్లకు సీజరు మాటల నుంచి పేర్లు పెట్టుకుంది: వేని, విదీ, విచీ. వచ్చాను, చూశాను, గెలిచాను. విచీ గెలిచిన ప్రొఫెసరుకు 15 లక్షల యూరోల దాకా దొరుకుతుంది. ఆ సొమ్ములో పెద్ద భాగం మనుషుల జీతాలకే. కాబట్టి విజేతల జాబితా వెలువడిన నాడు ఎవరు గెలిచారో, దేని మీద పని చేయబోతున్నారో చదివి పెట్టుకోవాలి, కొద్ది నెలల్లో ఆ బృందాల్లో ఖాళీలు పడతాయి. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ గ్రాంట్లకూ ఇదే లెక్క. ఇది రహస్యమేమీ కాదు, జాబితాలు బహిరంగంగానే ఉంటాయి. ఓపికగా చదివేవాళ్లు తక్కువ.

ఫలానా నెలలోనే నోటిఫికేషన్ అన్న నియమం లేదు. ఏడాది పొడవునా పడుతూనే ఉంటాయి. ఒక్క యూరోపియన్ యూనియన్ మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ పేరిట నడిపే డాక్టోరల్ నెట్‌వర్కుల ఖాళీలు గుంపులు గుంపులుగా వస్తాయి. వాటికొక షరతు ఉంది: చేరేనాటికి గడిచిన 36 నెలల్లో, చేరబోయే దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదు. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లేవాళ్లకు ఈ షరతు అడ్డం కాదు. అక్కడే రెండేళ్లు ఎమ్మెస్సీ చదివినవాళ్లకు అడ్డం.

విశ్వవిద్యాలయాల పేర్లు మాత్రమే వెతికేవాళ్లకు సగం లోకం కనిపించదు. ఎన్‌డబ్ల్యూఓకీ, దేశపు శాస్త్ర, కళల రాయల్ అకాడమీకీ సొంత పరిశోధన సంస్థలున్నాయి. కణభౌతికానికి నిఖెఫ్, సముద్రశాస్త్రానికి నియోజ్, గణితానికీ కంప్యూటరు శాస్త్రానికీ ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ. అమీర్‌పేటలో కోచింగ్ బోర్డుల మీద కనిపించే పైథాన్ భాషను గిడో వాన్ రోసమ్ మొదలుపెట్టింది ఈ సీడబ్ల్యూఐలో పనిచేస్తున్నప్పుడే, 1989 చివర్లో. ఈ సంస్థలు పట్టా ఇవ్వలేవు, ఉద్యోగం ఇస్తాయి. పట్టా కోసం ఏదో ఒక విశ్వవిద్యాలయంలో ప్రొమోటర్, అంటే థీసిస్‌కు బాధ్యత వహించే గైడు, ఉండాలి. 2017 వరకూ ప్రొమోటర్‌గా ఉండే హక్కు పూర్తి స్థాయి ప్రొఫెసర్లకే ఉండేది, ఇప్పుడు అసోసియేట్ ప్రొఫెసర్లకూ ఇవ్వవచ్చు. వైద్య పరిశోధన అయితే ఆస్పత్రులతో కలిసి ఉన్న వైద్య కేంద్రాల్లో వెతకాలి. వ్యవసాయం చదివినవాళ్లకు వాగెనింగెన్ ఉంది, 1918 నాటిది. అక్కడ శాండ్‌విచ్ అనే పద్ధతి చాలాకాలంగా నడుస్తోంది. మొదట కొన్ని నెలలు అక్కడ, మధ్యలో సొంత దేశంలో పొలం పని, చివర మళ్లీ అక్కడ రాత. ఇది మాత్రం ఉద్యోగం కాదు, స్కాలర్‌షిప్ మీద సాగేది. మెట్ట సేద్యం మీద పనిచేయాలనుకునే అనంతపురం పిల్లకు రొట్టెముక్కల మధ్య పెట్టే ఆ కూరే అసలు రుచి.

అర్హత దగ్గర ఒక జాగ్రత్త. నాలుగేళ్ల బీటెక్‌తో నేరుగా అమెరికా పీహెచ్‌డీలో చేరినట్టు డచ్ విశ్వవిద్యాలయాల్లో కుదరదు, మాస్టర్స్ ఉండాలి. మాస్టర్స్ థీసిస్‌ను అక్కడివాళ్లు శ్రద్ధగా చూస్తారు. మనదగ్గర చివరి సెమిస్టర్ ప్రాజెక్టును బజార్లో కొనే అలవాటు ఎంత నష్టం చేస్తోందో ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు తెలుస్తుంది. నలుగురైదుగురు కూర్చుంటారు. మీ పని మీద చిన్న ప్రసంగం ఇమ్మంటారు. ఫలితం కన్నా కారణం ఎక్కువ అడుగుతారు. ఆ పద్ధతే ఎందుకు ఎంచుకున్నారు, మళ్లీ చేస్తే ఏం మారుస్తారు? తెలియదని చెప్పడం అక్కడ తప్పు కాదు, తెలిసినట్టు నటించడమే తప్పు. ప్రొఫెసరును పేరు పెట్టి పిలవమంటే మన నోరు తిరగదు. పర్వాలేదు, ఒక నెలలో అలవాటవుతుంది. చాలాచోట్ల ఆ బృందంలో ఇప్పటికే పనిచేస్తున్న పీహెచ్‌డీ వాళ్లతో విడిగా మాట్లాడనిస్తారు. ఆ అరగంటను వదులుకోవద్దు. గైడు ఎంత తరచుగా కలుస్తారు, మీ ముందువాళ్లు ఎన్నేళ్లకు ముగించారు అని నిదానంగా అడగండి. ఒప్పందం నాలుగేళ్లే, కాని ఆ నాలుగేళ్లలో ముగించలేనివాళ్లు ఎందరో. మిగిలిన నెలలు నిరుద్యోగ భృతి మీదో, పొదుపు మీదో రాసుకోవాల్సి వస్తుంది. పొదుపు కోసం పుట్టిన ఏర్పాటు తాలూకు పాత నొప్పి ఇంకా అక్కడ ఉంది.

పోస్ట్‌డాక్ కథ వేరే రకం. అది ఎవరూ కూర్చుని రూపొందించినది కాదు. థీసిస్ అయిపోయినవాళ్లకు శాశ్వత పోస్టులు సరిపోక మధ్యలో పుట్టిన వంతెన. ఒకటి నుంచి మూడేళ్ల పని, జీతం పీహెచ్‌డీ కన్నా మెరుగు. ప్రకటనలు అవే చోట్ల పడతాయి. అయితే తాత్కాలిక ఒప్పందాలను అలా పొడిగిస్తూ పోవడానికి డచ్ కార్మిక చట్టం ఒప్పుకోదు. ఉద్యోగికి రక్షణగా పెట్టిన ఆ నియమం వల్లే, బాగా పనిచేస్తున్న పోస్ట్‌డాక్‌ను కూడా గడువు తీరగానే పంపేయడం చూస్తుంటాం. అందుకే పోస్ట్‌డాక్‌కు వెళ్లేవాళ్లు చేరిన రోజు నుంచే రెండో ఆలోచన పెట్టుకోవాలి. సొంత ఆలోచన ఉంటే వేని ఉంది, డాక్టరేటు వచ్చిన మొదటి మూడేళ్లలోపు వాళ్ల కోసం. మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది, దాని గడువు సాధారణంగా సెప్టెంబరులో. వీటిలో ఖాళీ కోసం చూడనక్కర్లేదు, ఆతిథ్యం ఇచ్చే ప్రొఫెసరును ఒప్పించి మన పోస్టును మనమే రాసుకుంటాం. ఇక్కడ మాత్రం ముందుగా ఉత్తరం రాయడం పనికొస్తుంది, అదీ వసంతకాలంలోనే రాస్తే.

2024లో గాలి కొంచెం ఎదురు తిరిగింది. ఉన్నత విద్యకు భారీ కోతలు ప్రకటించడంతో 2024 నవంబరులో వేలమంది విద్యార్థులు, అధ్యాపకులు హేగ్ నగరంలో గుమికూడి నిరసన తెలిపారు. మొదటి కాలువలో నీళ్లు తగ్గితే ఖాళీలూ తగ్గుతాయి. 1980లలో పొదుపు కోసమే ఈ పోస్టులు పుట్టాయన్న సంగతి తెలిసినవాళ్లకు ఈ భయం మరీ ఎక్కువ.

అయినా ఏటా దాదాపు అయిదు వేలమంది అక్కడ డాక్టర్లవుతున్నారు. ఆ ఘట్టం ఈనాటికీ పాత పద్ధతిలోనే జరుగుతుంది. లైడెన్‌లో అయితే అభ్యర్థి ముందు చెమట గది అనే చిన్న గదిలో కూర్చోవాలి. పట్టా పొందినవాళ్లు తరతరాలుగా దాని గోడల మీద సంతకాలు చేస్తూ వచ్చారు. హాల్లోకి వెళ్లేటప్పుడు పెళ్లికొడుకు పక్కన తోడు ఉన్నట్టు ఇద్దరు పారానింఫ్‌లు చెరోపక్కా నిలబడతారు. నల్లటి గౌన్లలో ప్రొఫెసర్లు ప్రశ్నలు వేస్తారు. సరిగ్గా 45 నిమిషాలకు పెడెల్ అనే ఉద్యోగి చేతి దండంతో లోపలికొచ్చి లాటిన్‌లో రెండు మాటలంటారు: హోరా ఎస్ట్. వేళయింది. జవాబు సగంలో ఉన్నా ఆపేయాలి.

అభ్యర్థి రాసిన థీసిస్ అచ్చయిన పుస్తకంగా వచ్చినవాళ్ల చేతుల్లో ఉంటుంది. అట్ట మీద బొమ్మ కూడా చాలామంది తామే గీయించుకుంటారు. చివరి పేజీల్లో రచయిత జీవితం పది పన్నెండు వాక్యాల్లో ఉండడం ఆచారం. ఏ ఊళ్లో పుట్టారు, ఏ బడిలో చదివారు. ఖమ్మం అనో, నరసరావుపేట అనో అచ్చులో కనిపించినప్పుడు హాల్లో ఎక్కడో ఒక అమ్మ ఆ పేజీ తెరిచి వేలుతో చూపిస్తూ ఉంటుంది. ఆ కింద ఇంకో వాక్యం ఉంటుంది, అందరూ పెద్దగా గమనించనిది: ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది వరకూ ఈ విశ్వవిద్యాలయంలో ప్రొమోవెండస్‌గా ఉద్యోగం చేశారు.